తెలిసినవాని మౌనం
వ్యాపారంలో, వృత్తిలో ధర్మసంకటాలు – నీతి సిద్ధాంతాలు, షరీఅత్ దృష్టి

అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం నింపుకొని ఒక ఓడ రోడ్స్ ద్వీపానికి చేరింది. ద్వీపంలో కరువు తాండవిస్తోంది. గింజలు దొరక్క జనం అల్లాడుతున్నారు. ధాన్యం ధర మండిపోతోంది. ఓడలో వచ్చిన వర్తకుడు మంచివాడే, మోసగాడు కాడు. అయితే ద్వీపవాసులకు తెలియని సంగతి ఒకటి అతనికి తెలుసు. దారిలో అతను మరికొన్ని ధాన్యపు ఓడలను చూశాడు. అవి కూడా రోడ్స్ వైపే వస్తున్నాయి. ఈ మాట బయటపెడితే ధర పడిపోతుంది. పెట్టకపోతే గొప్ప లాభం. అతను చెప్పి తీరాలా? లేక ఎవరూ అడగలేదు గనుక ఊరుకోవచ్చా?

రోమన్ రాజనీతిజ్ఞుడు సిసెరో క్రీస్తుపూర్వం 44లో తన కుమారుని ఉద్దేశించి కర్తవ్యాలపై రాసిన గ్రంథంలో ఈ ప్రశ్న వేశాడు. దీనిపై ఇద్దరు గ్రీకు తత్త్వవేత్తల వాదాలను ఆయన వివరించాడు. వారు గురుశిష్యులు. బాబిలోన్ డయోజెనిస్‌గా పేరుపడిన గురువు వాదం ఇది: సరుకులో లోపాలుంటే చట్టం కోరినమేరకు అమ్మేవాడు చెప్పాలి. అంతకుమించి, తనకు తెలిసినదంతా కొనేవానికి విప్పి చెప్పవలసిన బాధ్యత అతనికి లేదు. దాచడం వేరు, చెప్పకపోవడం వేరు. శిష్యుడైన తార్సస్ వాసి ఆంటిపేటర్ ఇందుకు ఒప్పుకోలేదు. మనిషి పుట్టిందే తోటి మనుషుల మేలు చూడడానికి. కడుపు మాడుతున్నవారికి ఆహారం దగ్గరలోనే ఉందన్న మాటను లాభం కోసం దాచడం ఆ సంబంధాన్ని తెంచడమేనని అతని వాదన. సిసెరో చివరకు శిష్యుని వైపే మొగ్గాడు.

రెండువేల ఏళ్లు దాటినా ఈ ప్రశ్న పాతబడలేదు. మిర్చి కొనే వ్యాపారికీ, పాత లారీ అమ్మే యజమానికీ, లెక్కలు తనిఖీ చేసే ఆడిటరుకూ, పరీక్షలు రాసే డాక్టరుకూ ఇదే ప్రశ్న రోజూ ఎదురవుతూనే ఉంది. అబద్ధమాడడం పాపమని అందరికీ తెలుసు. అక్కడ సందేహమే లేదు. సందేహం వచ్చేది నోరు విప్పని చోట. అందుచేత ఈ వ్యాసంలో మౌనాన్ని గురించే ఆలోచిద్దాం. నీతి సిద్ధాంతాలు దీన్ని గురించి ఏమంటాయి? షరీఅత్ ఏమంటుంది? ఒక ముస్లిం వర్తకుడు లేక ఉద్యోగి నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడు వీటివల్ల అతనికి కలిగే సాయం ఏమిటి?

మనకు ఈ సిద్ధాంతాలతో పనేమిటి?

ఖుర్ఆన్, హదీసులు ఉండగా తత్త్వవేత్తల మాటలు ఎందుకని కొందరు సోదరులు అడగవచ్చు. ఈ ప్రశ్న మన పూర్వీకులకూ ఎదురైంది. మంచిచెడులను బుద్ధి స్వయంగా తెలుసుకోగలదని ముఅతజిలాలు అన్నారు. దైవాజ్ఞ వచ్చిన తరువాతే ఒక పని మంచిదో చెడ్డదో నిర్ణయమవుతుందని అష్అరీలు అన్నారు. బుద్ధి చాలా విషయాలలో మంచిచెడులను గ్రహించగలదని, అయినా దానికి దైవవాణి మార్గదర్శకత్వం అవసరమని మాతురీదీ పండితులు మధ్యేమార్గం చెప్పారు. క్రీ.శ. 1030లో మరణించిన మిస్కవైహ్ అరిస్టాటిల్ నీతిశాస్త్రాన్ని చదివి, దాని వెలుగులో శీలసంస్కరణపై ప్రసిద్ధ గ్రంథం రాశారు. ఇతరుల ఆలోచనలను పరీక్షించి, మేలైన దాన్ని గ్రహించడం మనకు కొత్త కాదు. అయితే గ్రహించే ముందు తూచి చూడాలి.

ప్రయోజనవాదం: ఎక్కువమందికి ఎక్కువ మేలు

ఇంగ్లండులో జెరెమీ బెంథామ్ (1748–1832), జాన్ స్టూవర్ట్ మిల్ (1806–1873) ప్రచారం చేసిన సిద్ధాంతం ఇది. ఏ పని చేయడంవల్ల మొత్తంమీద ఎక్కువ సుఖం, తక్కువ దుఃఖం కలుగుతాయో అదే సరైన పని. రోడ్స్ వర్తకుడు ఈ లెక్క వేసుకుంటే ఏమవుతుంది? తనకు వచ్చే లాభం ఒకవైపు, వేలమంది ఆకలిగొన్నవారి నష్టం మరొకవైపు. తాసు ఎటు మొగ్గుతుందో వెంటనే తెలుస్తుంది. వర్తకుని స్వార్థాన్ని అతని కళ్లముందు నిలబెట్టడంలో ఈ సిద్ధాంతం మంచి పనే చేస్తుంది. మన ధర్మశాస్త్రవేత్తలు కూడా ప్రజాహితాన్ని, అంటే 'మస్లహత్'ను, తేలికగా తీసుకోలేదు. 1388లో మరణించిన గ్రనడా పండితుడు ఇమామ్ షాతిబీ (రహ్మ) షరీఅత్ ఆజ్ఞలన్నీ ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, ధనం అనే అయిదింటి రక్షణకోసమే ఉన్నాయని విపులంగా చూపారు.

అయితే లెక్క వేసేదెవరు? ఇక్కడే చిక్కు ఉంది. 1973లో అమెరికాలోని ఫోర్డ్ కంపెనీ ఇంజనీర్లు ప్రభుత్వ భద్రతాశాఖ కోసం ఒక పత్రం తయారు చేశారు. వాహనం బోల్తాపడినప్పుడు ఇంధనం కారి మంటలు రేగకుండా ఏర్పాటు చేస్తే ఖర్చెంత, మిగిలేదెంత అన్నది అందులోని లెక్క. వాహనానికి 11 డాలర్ల చొప్పున కోటి పాతిక లక్షల వాహనాలకు సుమారు 13 కోట్ల 70 లక్షల డాలర్లు ఖర్చు. ఏర్పాటు చేస్తే 180 మరణాలు తప్పుతాయి. ఒక్కొక్క ప్రాణానికి కట్టిన వెల రెండు లక్షల డాలర్లు. కాలిన గాయాలు, కాలిపోయే వాహనాలు కూడా కలిపితే వచ్చే ప్రయోజనం 4 కోట్ల 95 లక్షల డాలర్లు. కాబట్టి ఖర్చు దండగని తేలింది! ప్రాణానికి ఆ వెల కంపెనీ కల్పించినది కాదు, ప్రభుత్వశాఖ లెక్కల్లోనిదే. కూడికలో తప్పు లేదు. ఉన్న లోపమల్లా ఒకటే. ఎవరి ప్రాణాలకు వెల కట్టారో వారిని ఎవరూ అడగలేదు. తమ బండి విషయంలో అలాంటి లెక్క ఒకటి నడుస్తున్నదని కూడా వారికి తెలియదు. మొత్తాన్ని చూసే కన్ను మనిషిని మరచిపోతుందనడానికి ఇది ఒక ఉదాహరణ.

కర్తవ్యవాదం: అందరూ ఇలాగే చేస్తే?

జర్మన్ తత్త్వవేత్త ఇమాన్యుయెల్ కాంట్ (1724–1804) ఈ లోపాన్ని గట్టిగా పట్టుకున్నాడు. మనిషిని మన పని నెరవేర్చుకునే పనిముట్టుగా మాత్రమే ఎన్నడూ వాడరాదని, నీవు అనుసరించే నియమం అందరికీ నియమం కావాలని కోరగలవో లేదో చూసుకోమని ఆయన చెప్పాడు. 1785లో వెలువడిన గ్రంథంలో ఒక దుకాణదారు ఉదాహరణ ఇచ్చాడు. అతను చిన్నపిల్లవాడు వచ్చినా ఎక్కువ తీసుకోడు. అందరికీ ఒకటే ధర. చూడడానికి అది నిజాయితీయే. కాని పేరు పోతుందేమో, బేరాలు తగ్గుతాయేమో అన్న భయంతో చేస్తే దానికి నైతిక విలువ లేదని కాంట్ అభిప్రాయం. కర్మల విలువ సంకల్పాలపై ఆధారపడి ఉంటుందని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసును ఎరిగిన పాఠకులకు ఈ మాట పరిచితంగానే తోస్తుంది.

రోడ్స్ వర్తకుణ్ణి కాంట్ ముందు నిలబెడితే తీర్పు సులభం. కొనేవాని అజ్ఞానాన్ని తన లాభానికి పనిముట్టు చేసుకున్నాడు కాబట్టి అతనిది తప్పు. కాని ఈ సిద్ధాంతానికి కూడా ఒక బిగుతు ఉంది. ప్రాణం తీయడానికి తరుముకొస్తున్నవాడు అడిగినా అబద్ధం చెప్పరాదని కాంట్ 1797లో వాదించాడు. ఇస్లాం అంతదూరం వెళ్లదు. కలహించుకున్నవారి మధ్య సంధి కుదర్చడానికి మంచి మాట చేర్చి చెప్పినవాడు అబద్ధాలకోరు కాడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. రెండు కర్తవ్యాలు ఢీకొన్నప్పుడు ఏది ముందో తేల్చుకునే దారి కావాలి. కాంట్ దగ్గర ఆ దారి ఇరుకైనది.

సద్గుణవాదం: నేను ఎలాంటి మనిషినవుతున్నాను?

అరిస్టాటిల్, ఆయన తరువాత మన మిస్కవైహ్ వేసే ప్రశ్న వేరు. పని సరైనదా కాదా అని విడిగా కాక, ఈ పని చేస్తూపోతే నేను ఎలాంటి మనిషినవుతాను అని వారు అడుగుతారు. ఒకసారి నోరు మూసుకుని లాభపడ్డవాడికి రెండోసారి అది సులువవుతుంది. పదోసారికి అదే తెలివితేటలనిపించుకుంటుంది. చివరికి నిజం చెప్పేవాణ్ణి చూసి నవ్వే స్థితి వస్తుంది. ఇది మనం బజారులో రోజూ చూస్తున్నదే. ఈ సిద్ధాంతం హృదయ సంస్కరణకు ఎంతో మేలు చేస్తుంది. అయితే చేతిలో కలం పట్టుకుని సంతకం చేయాలా వద్దా అని కూర్చున్నవానికి మంచి మనిషిగా ఉండు అన్న సలహా ఒక్కటే చాలదు. ఈ కాగితం మీద సంతకం చేయవచ్చా లేదా అన్నది అతనికి తేలాలి.

మూడు సిద్ధాంతాలూ మూడు వైపుల నుంచి ఒకే ఇంటిని చూస్తున్నాయి. ఒకటి ఫలితాన్ని, ఒకటి నియమాన్ని, ఒకటి మనసును పట్టుకుంది. ఇక షరీఅత్ దీన్ని ఎక్కడ నుంచి మొదలుపెడుతుందో చూద్దాం.

పరస్పర సమ్మతి అంటే ఏమిటి?

ఒకరి ధనాన్ని ఒకరు అక్రమంగా తినవద్దని, పరస్పర సమ్మతితో జరిగే వ్యాపారమే ధర్మసమ్మతమని దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరా 29వ ఆయత్ తెలుపుతోంది. ఇక్కడి కీలకం సమ్మతి. సమ్మతి అంటే సరే అని తలూపడమేనా? తెలియని విషయానికి మనిషి ఎలా సమ్మతిస్తాడు? నాకు తెలిసిన సంగతి అతనికీ తెలిస్తే ఈ బేరానికి ఒప్పుకునేవాడు కాడని నాకు తెలుసు. అయినా నేను ఊరుకున్నాను. అలాంటప్పుడు నా చేతిలో ఉన్నది అతని ధనమే గాని అతని సమ్మతి కాదు. మౌనాన్ని కొలిచే కొలబద్ద ఇదే.

దైవప్రవక్త (స) బజారులో ఇచ్చిన తీర్పులను ఈ కోణం నుంచి చూడండి. ఒకసారి ఆయన ధాన్యపు కుప్పలో చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. వాన పడి తడిసిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. జనానికి కనపడేలా తడిసినదాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఇందులో ఆ వర్తకుడు అబద్ధమేమీ ఆడలేదు. నోటితో ఏమీ అనలేదు. కుప్ప పేర్చిన తీరే అతని అబద్ధమైంది.

మరో తీర్పు మన చర్చకు ఇంకా దగ్గర. పల్లెల నుంచి సరుకు తెచ్చే బిడారులను ఊరిబయటే కలుసుకుని కొనేయడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. అలా కొన్నా, సరుకు యజమాని బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకున్నాక ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఇచ్చారు. ఇక్కడ సరుకులో లోపం లేదు, తూకంలో కోత లేదు. తెలియనిదల్లా బజారు ధర ఒక్కటే. దాన్ని ఆసరా చేసుకోవడాన్ని కూడా షరీఅత్ సహించలేదు. కొనేవాడు, అమ్మేవాడు నిజం పలికి, ఉన్నదున్నట్టు విప్పి చెప్పుకుంటే ఆ బేరంలో శుభం కలుగుతుందని, దాచి అబద్ధమాడితే శుభం హరించుకుపోతుందని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది.

ముఫ్తీ తీర్పు, మనస్సాక్షి తీర్పు

ఇమామ్ గజ్జాలీ (1058–1111) తమ 'ఇహ్యా' గ్రంథంలో సంపాదన మర్యాదలకు ఒక భాగాన్ని కేటాయించారు. అందులో ఆయన ఒక సున్నితమైన మాట చెప్పారు. ఒక బేరం ముఫ్తీ దృష్టిలో చెల్లుబాటు కావచ్చు. అయినా అందులో అన్యాయం దాగి ఉండి, చేసినవాడు దైవాగ్రహానికి గురికావచ్చు. ఆ అన్యాయం నుంచి తప్పించుకోవడానికి నాలుగు జాగ్రత్తలు చెప్పారు. సరుకులో లేని గుణాన్ని పొగడరాదు. ఉన్న లోపాన్ని దాచరాదు. తూకాన్ని, కొలతను దాచరాదు. బజారు ధరను దాచరాదు. ఈ నాలుగో మాటకు ఉదాహరణగా ఆయన చెప్పిన వృత్తాంతం రోడ్స్ ఓడకు సమాధానంలా ఉంటుంది.

బస్రాలో తాబిఈలలో ఒకాయన చక్కెర వ్యాపారం చేసేవారు. సూస్ నగరంలో ఉన్న ఆయన మనిషి, ఈ ఏడాది చెరకు పంటకు తెగులు సోకింది, చక్కెర కొని ఉంచండి అని ఉత్తరం రాశాడు. ఆయన కొన్నారు. ధర పెరిగింది. ముప్ఫయి వేల లాభం వచ్చింది. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. ముప్ఫయి వేలు దొరికాయి గాని ఒక సోదరుని పట్ల ఉండవలసిన హితచింతన పోయిందని బాధపడ్డారు. తెల్లవారి చక్కెర అమ్మిన వ్యక్తి దగ్గరకు వెళ్లి, కొనే సమయానికి తనకు పంట సంగతి తెలుసని ఒప్పుకుని డబ్బు ముందుంచారు. ఆయన దాన్ని తీసుకోలేదు. ఇప్పుడు చెప్పారుగా, మీకు హలాల్ చేశానన్నారు. వర్తకుడు ఇంటికి వచ్చారు. మళ్లీ నిద్ర లేదు. ఆయన మొహమాటపడి వదిలేశారేమో అన్న అనుమానం పీడించింది. మరునాడు వెళ్లి ఆ డబ్బు ఆయనకే అప్పగించి వచ్చారు.

ఈ వృత్తాంతంలో రెండో రాత్రి ముఖ్యమైనది. మొదటి రాత్రి బాధ తెలియజేయనందుకు. రెండో రాత్రి బాధ సమ్మతిలో మొహమాటం కలిసిందేమో అని. సమ్మతిని ఇంత లోతుగా తరచి చూసినవారు మన పూర్వీకులు. ప్రతివాడూ ఇలా చేసి తీరాలని ధర్మశాస్త్రం శాసించలేదు. బజారు ధర తెలియక నష్టపోయినవానికి బేరం రద్దు చేసుకునే హక్కు ఎంతమేరకు ఉంటుందన్న విషయంలో ఫుఖహాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. అమ్మేవాని మాటను నమ్ముకుని, బేరమాడడం చేతగాక వచ్చినవానికి ఘోరమైన ధర వేస్తే మాలికీ, హంబలీ పండితులు అతని పక్షాన నిలిచారు. గజ్జాలీ మాటను శాసనంగా కాక గమ్యంగా తీసుకోవాలి. చట్టం మెట్టు కింద ఉంటుంది, 'ఇహ్సాన్' మెట్టు పైన ఉంటుంది. ముస్లిం కింది మెట్టు మీదనే ఆగిపోకూడదు.

ఓడ దగ్గరకు మళ్లీ

ఇప్పుడు రోడ్స్ వర్తకుడు ఏం చేయాలి? డయోజెనిస్ మాటలో కొంత న్యాయం ఉంది. ఆ వర్తకుడు అందరికంటే ముందు బయలుదేరాడు, సముద్రపు అపాయాలకు ఓర్చాడు. ముందు చేరినందుకు తగిన లాభం అతని హక్కు. కాని ముందు చేరడం వేరు, వెనక వచ్చే ఓడలను దాచడం వేరు. మొదటిదానికి ప్రతిఫలం శ్రమకు, రెండోదానికి ప్రతిఫలం ఎదుటివాని అజ్ఞానానికి.

అతను నిజం చెప్పాడనుకుందాం. ఏమవుతుంది? ఈ పూటకు పొయ్యి వెలగనివాడు ఎలాగూ కొంటాడు. ఆరునెలలకు సరిపడా గాదెలో నింపుకోవాలనుకున్న ధనవంతుడు మాత్రం ఆగుతాడు. అంటే నిజం చెప్పడంవల్ల ధాన్యం దాచుకునేవాని చేతినుంచి జారి ఆకలిగొన్నవాని చేతికి వెళుతుంది. ప్రజాహితం, కర్తవ్యం, సద్గుణం మూడూ కలిసే చోటు ఇదే. సమ్మతిని సరిగా పట్టుకుంటే మిగతావి వెంట నడుస్తాయి.

అయితే తెలిసినదంతా చెప్పాలన్నది కూడా సరికాదు. మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నాకు తెలిసిన సంగతి ఈ బేరపు గుండెకాయకు సంబంధించిందా? ఎదుటివాడు దాన్ని తనంతట తాను తెలుసుకోగలడా, లేక నా మీదనే ఆధారపడ్డాడా? అతనికి తెలియకపోవడంవల్లనే నాకు లాభం వస్తున్నదా? మూడింటికీ జవాబు నాకు వ్యతిరేకంగా ఉంటే మౌనం మోసమే.

మన దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు మిర్చి యార్డులో ధర పెరిగిందని ఒక వ్యాపారికి పొద్దున్నే తెలిసింది. అతను పల్లెకు వెళ్లి కల్లం దగ్గరే సరుకు కొంటున్నాడు. నేడు రైతు చేతిలో సెల్‌ఫోను ఉంది. అతను కూడా ధర తెలుసుకుని బేరమాడుతున్నాడంటే వ్యాపారి నోరు విప్పనంతమాత్రాన దోషి కాడు. కాని అప్పులవాళ్ల ఒత్తిడిలో ఉన్న రైతు, ఈవేళ యార్డులో ఎంత పలుకుతోంది భాయీ అని నమ్మి అడిగితే? అక్కడ మాట దాటవేయడం, నిన్నటి ధర చెప్పడం ఊరిబయట బిడారును ఆపడంతో సమానం.

ఎదుటివాడు ముస్లిం కాకపోతే అన్న ప్రశ్నకు తావులేదు. కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని ముతఫ్ఫిఫీన్ సూరా హెచ్చరించినప్పుడు అందులో వాడిన మాట 'ప్రజలు' అని. ఫలానా మతంవారని కాదు. మన బజార్లలో అన్ని మతాలవారూ కలిసి క్రయవిక్రయాలు చేసుకుంటున్నారు. ముస్లిం నాణ్యతకు అసలు పరీక్ష అక్కడే.

వృత్తుల్లో మౌనం

వర్తకుడు సరుకు అమ్ముతాడు. డాక్టరు, ఇంజనీరు, వకీలు, ఆడిటరు అమ్మేది ఏమిటి? వారికి తెలిసిన విషయాన్నే. రోగికి వైద్యం తెలియదు గనుకనే డాక్టరు దగ్గరకు వస్తాడు. ఇల్లు కట్టుకునేవానికి ఇనుము, సిమెంటు పాళ్లు తెలియవు గనుకనే ఇంజనీరుకు డబ్బిస్తాడు. కాబట్టి వృత్తిలో మౌనం సరుకులోని లోపాన్ని దాచడంకన్నా పెద్దది. అది సరుకునే కోసివేయడం, తూకంలో తగ్గించి ఇవ్వడం. అవసరం లేని పరీక్ష రాసి దానిపై కమీషన్ పుచ్చుకునే వైద్యుడు, పునాది బలహీనమని తెలిసీ బిల్లు మీద సంతకం పెట్టే ఇంజనీరు ముతఫ్ఫిఫీన్ సూరాలోని హెచ్చరిక తమకు కాదనుకోరాదు.

బేరంతో సంబంధం లేని మూడోమనిషికి కూడా ఈ బాధ్యత ఉంది. హజ్రత్ వాసిలా బిన్ అస్ఖఅ (రజి) ఎదుట ఒకడు మూడువందల దిర్హమ్‌లకు ఒంటె కొన్నాడు. దాని కాలి డెక్కకు రంధ్రం ఉండడం వాసిలా (రజి) చూసి ఉన్నారు. కొన్నవాడు తోలుకుపోతుంటే వెంటపడి, మాంసానికా, సవారీకా అని అడిగారు. సవారీకని తెలిసి లోపం చెప్పారు. అమ్మినవాడు నూరు దిర్హమ్‌లు తగ్గించవలసి వచ్చింది. బేరం చెడగొట్టారని అతను నిష్ఠూరమాడితే, ప్రతి ముస్లిం హితం కోరతామని ప్రవక్త (స)కు ప్రమాణం చేశామని ఆయన సమాధానమిచ్చారు. ఒంటె ఆయనది కాదు, డబ్బు ఆయనది కాదు. తెలిసినవాడు కావడమే ఆయన బాధ్యత.

ఇక అసలైన ధర్మసంకటానికి వద్దాం. హైదరాబాదులో ఒక కంపెనీలో లెక్కలు రాసే యువకుణ్ణి ఊహించుకోండి. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, చదువుకునే చెల్లెలు. బ్యాంకులో లేని డబ్బు పుస్తకాల్లో ఉన్నట్టు అతనికి కనపడింది. యజమాని రహస్యాన్ని కాపాడడం అమానతు. నిజమైన సాక్ష్యాన్ని దాచకపోవడం కూడా ఆజ్ఞే. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. విప్పకపోతే?

ఇది కేవలం ఊహ కాదు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి తమ లెక్కల్లో 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వ అసలు లేనిదని స్వయంగా లేఖ రాసి ఒప్పుకున్నారు. ఏళ్ల తరబడి ఆ అంకెలు కాగితాల మీద నడిచాయి. వాటాలు కొన్న సామాన్యులు ఆ కాగితాలనే నమ్మారు. ఎదుటివానికి తెలియకపోవడం మీద కట్టిన మేడ ఎంత ఎత్తు లేచినా ఇంతే.

ఆ యువకుడు ఏం చేయాలి? మొదట నిర్ధారించుకోవాలి, అనుమానం మీద ఎవరినీ దోషిగా నిలబెట్టడం కూడా అన్యాయమే. తరువాత లోపలనే పైవారికి చెప్పాలి. యజమాని హితం కోరడం కూడా అతని ధర్మమే. ఫలితం లేకపోతే ఆ కాగితం మీద సంతకం చేయరాదు. పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోవద్దని అల్ మాయిదా సూరా 2వ ఆయత్ స్పష్టంగా చెబుతోంది. అప్పటికీ ఇతరుల సొమ్ము మునిగిపోతుంటే, ఆపగల అధికారం ఉన్నవారికి తెలియజేయడం చాడీ కాదు, ద్రోహం కాదు. అన్యాయంపై ఫిర్యాదు చేయడానికి, చెడును ఆపేందుకు సాయం కోరడానికి, ప్రజలను ప్రమాదం నుంచి హెచ్చరించడానికి పరోక్షంలో ఒకరి దోషం చెప్పవచ్చని ఇమామ్ గజ్జాలీ, ఇమామ్ నవవీ (రహ్మ) వివరించారు. అయితే అవసరమైనంతవరకే చెప్పాలి. పగ తీర్చుకోవడానికో, పేరుకోసమో కాదు. మన దేశంలో 2013 కంపెనీల చట్టం కూడా నిర్ణీత మొత్తానికి మించిన మోసం బయటపడితే ఆడిటరు కేంద్రప్రభుత్వానికి తెలపాలని విధించింది.

మరి ఉద్యోగం? ఈ ప్రశ్నను చిన్నచూపు చూడరాదు. ఆకలి బాధ షరీఅత్‌కు తెలుసు. అగత్యం కొన్ని నిషేధాలను సడలిస్తుంది. కాని అగత్యం ఇతరుల హక్కును రద్దు చేయదన్నది ఫిఖ్‌లోని మరో సూత్రం. ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో 1869–1876 మధ్య కూర్చిన 'మజల్లా'లో అది చోటుచేసుకుంది. సామూహిక నష్టాన్ని తప్పించడానికి వ్యక్తిగత నష్టాన్ని భరించాలన్నది అందులోని ఇంకో సూత్రం. అయితే బాధ్యత అందరికీ సమానం కాదు. చెప్పినట్టు అంకెలు ఎక్కించే గుమాస్తా వేరు, లెక్కలన్నీ సరైనవని ధ్రువీకరించి సంతకం చేసే అధికారి వేరు. చెడును చేతితోనో, మాటతోనో, కనీసం మనసుతోనో ఎదుర్కోమన్న హదీసు శక్తిని బట్టి బాధ్యతను నిర్ణయించింది. గుమాస్తా మరో బ్రతుకుతెరువు చూసుకుని బయటపడేవరకు అవకాశం తీసుకోవచ్చు. సంతకం చేసేవానికి ఒక్క రోజు గడువు కూడా లేదు.

ఇలాగైతే వ్యాపారం సాగుతుందా?

ఈ అనుమానం గజ్జాలీ కాలంలోనూ ఉంది. ఆయన చూపిన ఉపాయం ఎంతో ఆచరణీయం. లోపాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు బాధపడే బదులు, కొనేటప్పుడే జాగ్రత్తపడాలి. తన ఇంటికోసమైతే తీసుకుంటాడో లేదో చూసి, అలాంటి సరుకునే దుకాణంలో పెట్టాలి. కొద్ది లాభంతో తృప్తిపడాలి. అమ్మేటప్పుడు నోరు విప్పడానికి జంకు ఉండదు. ఇది ఉద్యోగికి కూడా వర్తిస్తుంది. చేరేముందే ఆ సంస్థ ఎలా సంపాదిస్తున్నదో విచారించుకున్నవానికి సగం సంకటాలు ఎదురుకావు.

సిద్ధాంతాలు మనకు కళ్లద్దాల వంటివి. ఫలితాన్ని చూడడానికి ఒకటి, నియమాన్ని చూడడానికి ఒకటి, మనసును చూసుకోవడానికి ఒకటి. కాని చూడాలన్న కోరిక కళ్లద్దాలు ఇవ్వలేవు. బస్రా వర్తకుణ్ణి రెండు రాత్రులు మేల్కొలిపింది ఏ సిద్ధాంతమూ కాదు, తన లెక్క చూసేవాడు ఒకడున్నాడన్న నమ్మకం. ఆయన బేరాన్ని ఏ ఖాజీ రద్దు చేయలేదు, ఏ గిరాకీ ఫిర్యాదు చేయలేదు. ఎదుటివాడు సైతం హలాల్ అన్నాడు.

ఈ రాత్రి దుకాణం కట్టి పద్దు చూసుకునేటప్పుడు మనం కూడా ఒక ప్రశ్న వేసుకుందాం. ఈవేళ నా దగ్గర కొన్నవారికి, నన్ను నమ్మి వచ్చినవారికి, నాకు తెలిసిందంతా తెలిస్తే రేపు మళ్లీ నా గుమ్మం తొక్కుతారా? తొక్కుతారని ధైర్యంగా చెప్పుకోగలిగినవాడే నిశ్చింతగా నిద్రపోగలడు. అలాంటి నిద్రను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.